పుష్కరాలకు ముందు దామెర్ల రామారావు బొమ్మల గురించి ఒక విన్నపం

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంలో కళలు, సంస్కృతి వ్యవహారాలు చూసే పెద్దలకు, 2027 గోదావరి పుష్కరాల ఏర్పాట్లలో ఉన్న అధికారులకు,

నమస్కారం.

నేను రాజమహేంద్రవరంలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ముప్పై ఏళ్ళకు పైగా హైస్కూలు పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పాను. పేరున్న చిత్రకారుణ్ణి కాను. ఏ సంఘం తరఫునా ఈ ఉత్తరం రాయడం లేదు. నూరేళ్ళ కిందటి మన ఊరి చిత్రకారుడు దామెర్ల రామారావు గారి బొమ్మల గురించి మీకు ఒక మాట చెప్పుకోవాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నాను. పుష్కరాల పనులు మొదలయ్యాయి కాబట్టి ఇప్పుడు చెప్పకపోతే ఆలస్యమవుతుందనిపించింది.

2027లో గోదావరికి పుష్కరాలు. అదే ఏడాది మార్చి 8కి రామారావు గారు పుట్టి 130 ఏళ్ళు నిండుతాయి. ఊరి గోడల మీద బొమ్మలు వేయిస్తారు, స్వాగత ద్వారాలు కట్టిస్తారు, ఘాట్లలో లైట్లు పెట్టిస్తారు. ఆ హడావుడిలో ఆయన పేరు కూడా ఎవరో ఒకరు తలచుకుంటారు. ఎలా తలచుకుంటారన్నదే నా బాధ.

మన ఊళ్ళో ఆయన గురించి అడిగితే చాలామంది చెప్పేది ఒక్కటే. "పాపం, చిన్నతనంలోనే పోయాడు." నిజమే. 1897లో పుట్టారు, 1925 ఫిబ్రవరి 6న మశూచితో పోయారు. 28 ఏళ్ళు నిండడానికి ఇంకా నెల రోజులుంది. కానీ ఆ జాలి మాటతోనే మనం ఆయన్ని పక్కన పెట్టేస్తున్నాం. ఆ కాస్త కాలంలో ఏం గీశారు, ఎక్కడ కూర్చుని గీశారు, ఆ రంగులు ఎలా కలిపారు అని అడిగేవాళ్ళు తక్కువ. రాముడి కథలో అరణ్యవాసం వదిలేసి పట్టాభిషేకం గురించే మాట్లాడుకున్నట్టుంది ఇది. అసలు విషయమంతా మధ్యలోనే ఉంది కదా.

ఆయన పెరిగిన రోజుల్లో రాజమండ్రి గవర్నమెంటు ఆర్ట్స్ కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రిన్సిపాలు. ఆయన స్వయంగా నీటిరంగుల్లో బొమ్మలు వేసేవారు. దొరలంటే మనకు రకరకాల జ్ఞాపకాలుంటాయి గానీ, ఈ దొర మాత్రం మన పిల్లల్లో ఉన్న కళను గుర్తుపట్టాడు. అడివి బాపిరాజు గారు, కవికొండల వెంకటరావు గారు, దామెర్ల రామారావు గారు ముగ్గురూ ఆయన చలువలో పెరిగినవాళ్ళే. రామారావు గార్ని అజంతాకు తీసుకెళ్ళి గుహల్లోని బొమ్మలు చూపించింది ఆయనే. 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపడంలోనూ ఆయన చెయ్యి ఉంది. ఒక కుర్రాడికి ఒక మాస్టారు సరిగ్గా దొరికితే ఏమవుతుందో నేను పిల్లలకు చెప్పినప్పుడల్లా ఈ కథే చెప్పేవాణ్ణి.

బొంబాయిలో చదువు 1920లో అయిపోయింది. అక్కడ నేర్పింది ఇంగ్లీషు పద్ధతి. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి కొలతలు తీసి, వెలుగునీడలు చూసి, తైలవర్ణాల్లో గీయడం. ఇంకో పక్క కలకత్తాలో అవనీంద్రనాథ్ టాగూర్ గారి శిష్యులు కాగితాన్ని తడిపి తడిపి రంగులు మంచులా పరిచే పద్ధతిని దేశమంతా వ్యాపింపజేస్తున్నారు. కుర్ర చిత్రకారులు ఏదో ఒక గూటికి చేరిపోయే కాలం అది. రామారావు గారు రెండూ చూశారు, కలకత్తా వెళ్ళి వచ్చారు, ఏ గూటికీ చేరకుండా రాజమండ్రి తిరిగొచ్చేశారు. జె.జె.లో నేర్చిన కొలత, అజంతాలో చూసిన గీత, మన ఊళ్ళో మనుషులు, మన ఏరు. ఈ నాలుగూ కలిపి తన దారి తను వేసుకున్నారు. 1922లో కలకత్తా ప్రదర్శనలో ఆయన 'ఋష్యశృంగ బంధనం' వైస్రాయ్ బహుమతి గెలిచింది. అప్పటికి ఆయనకు పాతికేళ్ళుంటాయేమో. పౌరాణిక కథలు, పోర్ట్రెయిట్లు, కథియవాడ్ గొల్లభామలు, 'పుష్పాలంకారం', 'సిద్ధార్థ రాగోదయం', పెన్సిల్ స్కెచ్‌లు, ప్రకృతి దృశ్యాలు. తైలవర్ణం, నీటిరంగు రెండూ చేతిలో ఒదిగిపోయాయి. చదువైన తర్వాత ఆయనకు దొరికింది అయిదేళ్ళు కూడా కాదు.

ఇన్నిట్లోనూ నాకు ప్రాణమైనవి ఆయన ప్రకృతి దృశ్యాలు. పౌరాణిక చిత్రాలకు బహుమతులు వచ్చాయి కాబట్టి పుస్తకాల్లో అవే ముందుంటాయి. 'తూర్పు కనుమలలో గోదావరి' లాంటివి ఆ వెనక వరుసలో ఉండిపోతాయి. అది ఎందుకు అన్యాయమో ఒక డ్రాయింగ్ మాస్టారుగా చెబుతాను, కాస్త ఓపిగ్గా వినండి.

పిల్లవాడి చేతికి రంగుల డబ్బా ఇచ్చి "గోదావరి వెయ్యరా" అంటే తిన్నగా నీలం బిళ్ళ మీద కుంచె పెడతాడు. ఏటా ఇదే. వాణ్ణి చెయ్యి పట్టుకుని గట్టు మీదికి తీసుకెళ్ళి "చూడు, నీలం ఎక్కడుంది?" అని అడగాలి. ఆషాఢం, శ్రావణాల్లో వరద నీరు ఎర్రగా, ఇటుక పొడి కలిపినట్టు ఉంటుంది. కార్తీకానికి మట్టి అడుక్కు దిగి కొంచెం పచ్చగా, కొంచెం బూడిదగా మారుతుంది. మాఘంలో పొద్దున్నే మంచులో నీటికీ ఆకాశానికీ మధ్య గీత కనిపించదు, పడవ ఒక్కటే గాల్లో తేలినట్టుంటుంది. వైశాఖంలో ఇసుక తిన్నెలు పైకి వస్తాయి, ఏరు పాయలుగా చీలిపోతుంది. లంకల వైపు ఉన్న రంగు కోటిలింగాల రేవు వైపు ఉండదు. వంతెన కింద నీడ పడిన చోట ఇంకో రంగు. మా డబ్బాలో ఉన్న నీలం ఈ ఏటిలో ఏడాదికి ఎన్ని రోజులు కనిపిస్తుందో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఈ సంగతి పుస్తకం చదివితే రాదు. ఆ గట్టు మీద ఏళ్ళ తరబడి కూర్చున్నవాడికే వస్తుంది. హేవలాక్ వంతెన మీద రైలు నడవడం మొదలైన 1900లో రామారావు గారు మూడేళ్ళ పిల్లాడు. ఆ రైలు చప్పుడు వింటూ, ఈ ఏరు రంగులు మారడం చూస్తూ పెరిగారు. బొంబాయిలో నాలుగేళ్ళు చదివి, గుజరాత్ వైపు తిరిగి, కలకత్తా చూసి, మళ్ళీ ఇక్కడికే వచ్చి కుంచె పట్టుకున్నారు. ఆయన గీసిన ఒక సరస్సు బొమ్మ వైస్రాయ్ లార్డ్ రీడింగ్ మనసును కూడా ఆకట్టుకుంది. ప్రకృతి దృశ్యం అనేది కొత్తగా కుంచె పట్టినవాళ్ళు చెయ్యి తిప్పుకోడానికి వేసుకునే బొమ్మ అని అనుకునేవాళ్ళు ఈ రోజుకీ ఉన్నారు. ఆయన దగ్గర అది అలా లేదు. మనిషి ముఖాన్ని ఎంత శ్రద్ధగా చదివారో కొండనూ నీటినీ అంత శ్రద్ధగానే చదివారు.

ఇప్పుడు ఆ కొండల దగ్గరికే వద్దాం. గోదావరి తూర్పు కనుమల్ని చీల్చుకుని వచ్చే చోటు పాపికొండలు. నేను మొదటిసారి లాంచీలో వెళ్ళినప్పుడు మాట పడిపోయి కూర్చున్నాను. రాజమండ్రి దగ్గర అవతలి గట్టు కనిపించీ కనిపించనంత వెడల్పున్న ఏరు, అక్కడ రెండు కొండల మధ్య సందులా అయిపోతుంది. కొండ నీడ పడి నీళ్ళు నల్లగా, చిక్కగా ఉంటాయి. మలుపు తిరిగితే ఇక దారి లేదేమో అనిపిస్తుంది, దగ్గరికి వెళ్తే తెరుచుకుంటుంది. ఆ దారి ఇక ఇలాగే ఉండదు. పోలవరం జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు. అది నిండితే ఆ కొండల మధ్య నీరు పైకి లేస్తుంది. కొండలు పొట్టిగా కనిపిస్తాయి, ఇసుక తిన్నెలు మునిగిపోతాయి. గట్ల మీదున్న ఊళ్ళు ఎన్నో లేచిపోయాయి, ఇంకా లేచిపోతున్నాయి. దేవీపట్నం వైపు వాళ్ళు మా స్కూల్లో చదువుకున్నారు, వాళ్ళ ముఖాలు నాకు గుర్తున్నాయి. ప్రాజెక్టు మంచిచెడ్డల గురించి వాదించడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. దాని నీళ్ళ కోసం ఎదురుచూసే రైతులూ మనవాళ్ళే. నేను చెప్పేదల్లా ఒకటే: నూరేళ్ళ కిందట ఒక చిత్రకారుడు కళ్ళతో చూసి గీసిన కొండలు, ఏరు ఇక కాగితం మీదా, కాన్వాసు మీదా మిగలబోతున్నాయి. ఆ బొమ్మల విలువ మునుపటిలా లేదు. వాటి బరువు పెరిగింది.

అందుకే ముందుగా అడిగేది ఇది. పుష్కరాల సందడిలో, మన ఊరి ఆర్ట్ గ్యాలరీలో ఉన్న ఆయన అసలు బొమ్మల్ని దయచేసి బయటికి తీయకండి.

ఇలా అడుగుతున్నానని ఆశ్చర్యపోవచ్చు. ఆయన బొమ్మలు లక్షలమందికి చూపించండి అని కదా నాలాంటివాడు అడగాలి. కారణం చెబుతాను. మా నాన్నగారు సరదాకి నీటిరంగులు వేసేవారు. సాయంత్రం పూట రేవు బొమ్మ ఒకటి వేసి, ఫ్రేము కట్టించి, మా హాల్లో కిటికీకి ఎదురు గోడకు తగిలించారు. రోజూ చూసే బొమ్మ కదా, ఏమీ తేడా తెలియలేదు. పదిహేనేళ్ళ తర్వాత గోడకు సున్నం వేస్తూ ఫ్రేము విప్పితే, అట్ట అంచు కింద దాగిన వేలెడు మేర కాగితం కనిపించింది. అక్కడ ఆకాశం గులాబీ రంగులో ఉంది! పైన మేము పదిహేనేళ్ళు చూస్తున్న ఆకాశం పాలిపోయిన తెలుపు. నాన్నగారు వేసింది సంధ్య. మేము చూస్తున్నది మిట్టమధ్యాహ్నం. ఆ గులాబీ ఎప్పుడు పోయిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ రోజు నాకు కలిగిన బాధ ఇన్నేళ్ళకూ తగ్గలేదు. ఎందుకంటే డ్రాయింగ్ మాస్టారునై ఉండి ఆ బొమ్మను ఆ గోడకే ఉండనిచ్చింది నేనే.

నీటిరంగు ఇలాగే పోతుంది, చప్పుడు చేయకుండా. మట్టి నుంచి వచ్చిన రంగులు, అంటే కావి, గోపి లాంటివి గట్టివి, వెలుతురుకు తట్టుకుంటాయి. లేత గులాబీ, కొన్ని ఎరుపులు, కొన్ని పసుపులు ముందు వెళ్ళిపోతాయి. అంటే నేల మిగులుతుంది, ఆకాశం పోతుంది. పోయిన రంగును తిరిగి తెచ్చే మందు ప్రపంచంలో ఎక్కడా లేదు. అందుకే మ్యూజియాల వాళ్ళు కాగితం మీది బొమ్మలకు 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురును కొలిచే కొలత) మించి వెలుతురు పడనివ్వరు. మన ఇళ్ళలో ట్యూబులైటు కింద ఉండే వెలుతురు అంతకు చాలా ఎక్కువ. కొన్ని నెలలు చూపించి, తర్వాత చాలాకాలం చీకట్లో విశ్రాంతినిస్తారు. దానికి తోడు మనది ఏటి గట్టు ఊరు. వానాకాలం గాల్లో తేమ 65, 70 శాతం దాటడం మనకు మామూలు. ఆ తేమలో కాగితానికి బూజు పడుతుంది, వెండి పురుగు చేరుతుంది. వెనక పెట్టే అట్ట మామూలు రకమైతే అందులోని ఆమ్లం కాగితాన్ని గోధుమ రంగులోకి తిప్పేస్తుంది. తైలవర్ణాలకు వేరే జబ్బులు. కాన్వాసు సాగుతుంది, ముడుచుకుంటుంది, రంగు పొర పగుళ్ళు తీస్తుంది.

ఇప్పుడు ఆ బొమ్మల్ని చూసుకుంటున్నవాళ్ళను తప్పు పట్టడం లేదు. వాళ్ళు ఇన్నాళ్ళు కాపాడారు కాబట్టే నేను చూడగలిగాను, మా పిల్లలకు చూపించగలిగాను. ఒక్కో బొమ్మ ఆరోగ్యం ఎలా ఉందో ఒకసారి నిపుణులతో చూపించండి, అదొక్కటే అడుగుతున్నాను. లక్నోలో ఇందుకోసమే కేంద్ర ప్రభుత్వ ప్రయోగశాల ఒకటి 1976 నుంచి ఉంది. పాత చిత్రాలు, కాగితాలు, లోహాలు ఎలా కాపాడాలో వాళ్ళకు తెలుసు. వాళ్ళను పిలిపించండి. ప్రతి బొమ్మనూ కొలతలతో, రంగుతో, వెనక ఉన్న రాతతో సహా మంచి కెమెరాతో తీయించండి. పెన్సిల్ స్కెచ్‌లను మర్చిపోకండి. చిత్రకారుడి ఆలోచన పూర్తయిన బొమ్మలో కన్నా స్కెచ్ పుస్తకంలోనే బాగా కనిపిస్తుంది. గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ చెరిపి మళ్ళీ వేశారు, ఇవన్నీ నేర్చుకునే పిల్లలకు బంగారం.

ఆ ఫొటోలు చేతికొచ్చాక, చూపించడానికి ఇక అడ్డేముంది? అసలు సైజులో ప్రింట్లు వేయించి రైల్వే స్టేషన్లో పెట్టండి, బస్ కాంప్లెక్సులో పెట్టండి, పుష్కర ఘాట్ దారిలో పెట్టండి. తడిసినా, ఎండినా మళ్ళీ వేయించుకోవచ్చు. ఏటిలో మునిగి తడి బట్టలతో బయటికొచ్చిన మనిషికి ఎదురుగా, నూరేళ్ళ కిందట ఇదే ఏటిని గీసిన బొమ్మ కనిపించాలి. కింద తెలుగులో నాలుగు మాటలు, పెద్ద అక్షరాల్లో, కళ్ళజోడు లేనివాళ్ళు కూడా చదివేలా. పుష్కరాలకు అదిలాబాద్ నుంచి, భద్రాచలం నుంచి, అటు నాందేడ్ నుంచి కూడా జనం ఏటి వెంట వస్తారు. వాళ్ళందరిదీ ఈ ఏరే.

ఇంకో మాట. రామారావు గారు ఒక్కరే కాదు, ఒక బడి. 1920ల మొదట్లోనే రాజమండ్రిలో చిత్రకళ నేర్పే బడి పెట్టారు, కళాకారుల సంఘం కట్టారు. ఆయన భార్య సత్యవాణి గారు, సోదరి బుచ్చికృష్ణమ్మ గారు కుంచె పట్టారు. ఆ రోజుల్లో ఆడవాళ్ళు చిత్రకారులుగా నిలబడటం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. వాళ్ళ పేర్లు కూడా ఆ ప్రింట్ల పక్కన ఉండాలని నా కోరిక. రామారావు గారు పోయాక ఆ దీపం ఆరిపోకుండా చేతులు అడ్డుపెట్టింది ఆయన మిత్రులు వరదా వెంకటరత్నం గారు. ఆయన స్వయంగా గొప్ప చిత్రకారుడు. తన పేరు కోసం తాపత్రయపడకుండా, పోయిన స్నేహితుడి బొమ్మల్నీ బడినీ ఏళ్ళ తరబడి మోసుకొచ్చారు. ఆ స్నేహం లేకపోతే మనకు ఇవాళ గ్యాలరీయే ఉండేది కాదు. అలాంటి మనిషికి ఈ ఊళ్ళో ఒక వీధి పేరు పెట్టినా తక్కువే అని నా అభిప్రాయం, అది మీ దృష్టిలో ఉంచుకోండి.

పాపికొండల విషయంలోనూ ఒకటి చేయొచ్చు. నీళ్ళు పూర్తిగా నిండక ముందే చిత్రకారుల్ని, ఆర్ట్ కాలేజీ విద్యార్థుల్ని ఒక పది పదిహేను రోజులు అక్కడికి తీసుకెళ్ళండి. గట్టు మీద కూర్చుని గీయనివ్వండి. కెమెరాతో తీసిన ఫొటోలు లెక్కలేనన్ని ఉన్నాయి, నిజమే. కానీ ఒక మనిషి మూడు గంటలు ఒకే చోట కూర్చుని చూసింది ఫొటోలో ఉండదు. అక్కడి నుంచి లేచిపోయిన ఊళ్ళవాళ్ళను కూడా పిలవండి. ఏ రాయి పేరేంటో, ఏ మలుపు దగ్గర సుడి ఉంటుందో వాళ్ళకే తెలుసు. రామారావు గారు గీసిన ఏరు పక్కన ఈ కాలం పిల్లలు గీసిన ఏరు పెడితే, నూరేళ్ళు ఒక్క గోడ మీద కనిపిస్తాయి. ఖర్చు ఎంత? ఒక స్వాగత ద్వారానికి అయ్యేదాన్లో కొంచెం.

ఒక చిన్న పుస్తకం కూడా కావాలి. తెలుగులో, మంచి అచ్చుతో, హైస్కూలు పిల్లవాడు తన డబ్బులతో కొనుక్కోగలిగే ధరకు. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు పిల్లలకు చూపించడానికి పాత పత్రికల్లోంచి కత్తిరించిన మసక బొమ్మలే వాడాను. అచ్చులో ఆయన ఎరుపు గోధుమ రంగైపోయేది. "మాస్టారూ, ఈయన రంగులు ఇంత నీరసంగా ఉంటాయేంటండీ?" అని ఒక అమ్మాయి అడిగింది. మర్నాడే ఆ క్లాసు మొత్తాన్ని నడిపించుకుని గ్యాలరీకి తీసుకెళ్ళాను. ఆ అమ్మాయి ఒక బొమ్మ ముందు నిలబడి కదల్లేదు. ఆమె ఇప్పుడు ఇంకో ఊళ్ళో డ్రాయింగ్ టీచరు.

ఆఖరుగా ఒక అనుమతి అడుగుతున్నాను. వచ్చే మార్చి 8న, పోనీ ఆ దగ్గర్లో ఏదైనా ఆదివారం, పిల్లలు గ్యాలరీలో నేల మీద కూర్చుని ఆయన బొమ్మలు చూసి గీసుకోడానికి ఒక పూట ఇవ్వండి. బొమ్మలకు మూడడుగుల దూరంలో కూర్చుంటారు. రంగులు తేనివ్వను, పెన్సిళ్ళే. గట్టిగా మాట్లాడనివ్వను. మీరు ఏమీ ఏర్పాటు చేయక్కర్లేదు, చాపలు మా ఇంటి నుంచి నేనే తెచ్చుకుంటాను.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు
రాజమహేంద్రవరం